ఏసుమణి చుట్టిన రింగు

దక్షిణ ధ్రువ ఖండం, మా స్టేషన్
మార్చి 8

అత్తకు లోయిస్ వందనాలు.

ఆఖరి ఓడ నిన్న వెళ్ళిపోయింది. మళ్ళీ నవంబరు దాకా ఇక్కడికి ఎవరూ రారు, ఇక్కడి నుంచి ఎవరూ పోరు. ఇరవై ముగ్గురం మిగిలాం. అందులో ఆడవాళ్ళం ఇద్దరం, నేనూ డాక్టర్ ఉమామహేశ్వరి గారూ. ఫోనులో నేను హిందీలోకి జారిపోతానని కదా నువ్వు ఉత్తరాలే రాయాలని షరతు పెట్టావు. అందుకే చేత్తో రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఇక్కడ రోజంతా హిందీయే. ఈ కాగితం ఒక్కటే నా తెలుగు, ఎర్ర పెన్నుతో దిద్దకు.

నా పని ఏమిటో నాన్నకు వంద సార్లు చెప్పాను. అయినా చర్చిలో అందరికీ "మా పిల్ల మంచులో రేడియోలు రిపేరు సేత్తంది" అని చెబుతున్నాడట. నీకైనా సరిగా చెబుతాను. ధ్రువాల దగ్గర ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు తెరలు ఆడతాయి, ఫొటోల్లో చూశావు. దాన్నే అరోరా అంటారు. సూర్యుడి నుంచి వచ్చిన కణాలు భూమి అయస్కాంతానికి చిక్కుకుని కిందికి దూకుతాయి, అప్పుడు ఆ వెలుగు పుడుతుంది. వెలుగుతో పాటు రేడియో తరంగాలూ పుడతాయి. ఎవరూ ప్రసారం చేయని రేడియో, అత్తా. అందులో బాగా గట్టిది పైకే, అంతరిక్షంలోకే పోతుంది, కింద ఉన్న మనకు అందదు. నేల దాకా దిగివచ్చే వాటిలో కొన్ని ఎంత నెమ్మదిగా ఊగుతాయంటే, యాంటెన్నాను యాంప్లిఫయర్‌కు కలిపి ఇయర్‌ఫోను పెట్టుకుంటే చాలు, చెవికి వినబడతాయి. కొన్ని బుస్సుమంటాయట. కొన్ని, పొద్దున ఆరు నుంచి పది లోపల, వందల పిట్టలు ఒక్కసారి నిద్ర లేచినట్టు కూస్తాయట. ఇన్ని 'అట'లు ఎందుకంటే నేనింకా వినలేదు.

స్టేషన్‌కు కిలోమీటరు అవతల ఒక చిన్న చెక్కగది ఉంది. దాని పక్కనే నువ్వు చుట్టిన రింగు యాంటెన్నా నిలబెట్టాను. పాత యాంటెన్నా రవాణాలో విరిగిపోతే, గమ్హరియాలో మోటార్లకు తీగ చుట్టే షాపులో మా అత్త చేసిస్తుందని నేను మాట ఇచ్చిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. బోల్టులు బిగిస్తుంటే మా లీడర్ సౌరభ్ గారు వచ్చి రింగును తడిమి చూసి, "ఘర్ కా బనా హువా హై? బహుత్ సాఫ్ కామ్ హై" అని, పని చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

మూడు రోజులుగా వింటున్నాను. జనరేటర్ గుర్రుమనడం తప్ప ఏమీ లేదు. తొందరేం లేదు, చలికాలమంతా ముందే ఉంది.

నీ లోయిస్

---

బిర్సానగర్, జంషెడ్‌పూర్
మార్చి 19

చిరంజీవి లోయిస్‌కు అత్త ఏసుమణి దీవెనలు.

నీ ఉత్తరంలో ఆరు తప్పులున్నాయి. దిద్దొద్దన్నావు కాబట్టి ఎన్నో చెప్పి ఊరుకుంటున్నాను.

ఎవరూ ప్రసారం చేయని రేడియో అన్నావే, ఆ ముక్క షాపులో భోజనాల దగ్గర చదివి వినిపించాను. మా ఓనరు హరిప్రసాద్ ముద్ద నోట్లో పెట్టుకుని, "అయితే ఆ రేడియోలో పాటలేటి వత్తాయి, అమ్మా?" అన్నాడు. "నీ మొహం వత్తాది, తిను" అన్నాను.

నేనూ ఆగలేకపోయాను. పాత కూలరు మోటారు తీగ విప్పి, కిటికీ చట్రానికి ఓ కాయిల్ చుట్టి, మీ నాన్న టేప్‌రికార్డరుకు కలిపి విన్నాను. వినబడింది మన ఊరే. మిల్లులూ, ట్రాన్స్‌ఫార్మర్లూ, పక్కింటి ఫ్యానూ, అన్నీ కలిసి ఒకటే గుర్రు. ఈ ఊళ్ళో ఆకాశానికి మాట్లాడే చోటు మనం మిగల్చలేదు.

నీ జనరేటర్ సంగతి. ముప్పై ఐదేళ్ళుగా స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల బేరింగు ఏమంటుందో వింటున్నాను. యంత్రం ఎంత అరిచినా ఒకే మెట్టు మీద నిలబడి అరుస్తుంది. బరువు పడితే కొంచెం దిగుతుంది, అంతే. తనంతట తాను పైకి ఎగబాకదు. కాబట్టి గుర్రును వినకు, దాని వెనకాల విను. అక్కడ ఏదైనా కింది నుంచి పైకి లేస్తే అది యంత్రం కాదు.

నేను షాపులో చేరినప్పుడు ఆడది ఫ్యాన్లు చుట్టుకుంటే చాలన్నారు. నూరు హార్స్‌పవర్ మోటారు ఒకటి చుట్టి, దాని మీద తెల్ల పెయింటుతో నా పేరు రాశాను. అప్పటి ఓనరు, హరిప్రసాద్ వాళ్ళ నాన్న, చెరిపించాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ చెరిపించాడు. మూడోసారి పెయింటు దండగని వదిలేశాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎవరు చెరిపినా నువ్వూ వదలకూడదని. 'తొందరేం లేదు' అని రాసేటప్పుడు నీ అక్షరాలు పక్కకు వాలాయి. నీ చేత అఆలు దిద్దించిన దాన్ని నేను. ఏదో దాస్తున్నావు.

రికార్డింగు పంపు.

ఏసుమణి

---

మా స్టేషన్
ఏప్రిల్ 27

అత్తా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే అబద్ధం రాయాలి, లేకపోతే ఇది రాయాలి.

చెక్కగది మూసేస్తారట. అది వేడిగా ఉండాలంటే రోజూ డీజిల్ కావాలి. తుఫానులో ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని కిలోమీటరు నడవాలి. ఏడు వారాల్లో ఒక్క సిగ్నల్ లేదు. "లోయిస్, యే తో అప్నా జనరేటర్ హై. నువ్వు వింటున్నది మన జనరేటర్‌నే. దీని కోసం మనుషుల్ని తుఫానులోకి పంపలేను" అని సౌరభ్ గారు భోజనాల హాల్లో అందరి ముందూ అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నాకు కష్టంగా ఉంది. జూన్ ఒకటిన గదికి తాళం పడుతుంది. ఆ తర్వాత నవంబరు దాకా నేను స్టోరు సర్దుకోవాలి, వంటగదిలో సాయం చేయాలి. రిపోర్టులో మాత్రం ఒక వాక్యం ఉంటుంది, ఈ ఏడాది సిగ్నల్ నమోదు కాలేదు అని. సూర్యుడు ఇంత ఉడుకు మీద ఉండే కాలం మళ్ళీ పదేళ్ళకు గాని రాదు. కిటికీ బయట ఆకాశం పచ్చగా మండిపోతుంటే, ఏమీ లేదని నేను సంతకం పెట్టాలి. పెట్టను. నన్ను మంచులో పాతిపెట్టినా పెట్టను.

జనరేటర్ పది నిమిషాలు ఆపండి, అప్పుడు ఏం వినబడుతుందో చూద్దాం అన్నాను. ఈ చలిలో మళ్ళీ స్టార్టు కాకపోతే ఇరవై ముగ్గురికీ ఎవరు జవాబు చెబుతారని అడిగారు.

అన్నీ విప్పి చూశాను. యాంప్లిఫయర్ బాగుంది. కేబుల్ మార్చాను. భూమికి కలిపిన తీగ తవ్వి మళ్ళీ పాతాను. రింగు ఒక్కటే చూడలేదు. అది నీ చేతి పని, దాన్ని అనుమానించడానికి నాకు చెయ్యి రాలేదు.

ఐదు నిమిషాల రికార్డింగు పంపుతున్నాను. ఇందులో జనరేటర్ తప్ప ఏమీ లేదని నువ్వంటే, అప్పుడు నమ్ముతాను.

లోయిస్

---

బిర్సానగర్
మే 6

లోయిస్‌కు,

ఇక్కడ ఎండ నలభై నాలుగు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో ఫ్యాను కట్టేసి, తలుపు వేసుకుని, నీ రికార్డింగు పదిహేడు సార్లు విన్నాను. చెమటకు ఇయర్‌ఫోను చెవిలోంచి జారిపోతోంది. మీ నాన్న తలుపు కొట్టి, "అక్కా, నీకేటైనా అయిందా?" అని అడిగాడు.

నాలుగో నిమిషంలో రెండు చోట్ల గుర్రు వెనకాల ఏదో లేచింది. చాలా సన్నగా, గోడ అవతల ఎవరో ఈల మొదలుపెట్టి ఆపినట్టు. కింది నుంచి పైకి పోయింది. అది జనరేటర్ కాదు. ఏ జనరేటరూ అలా చేయదు. ముప్పై ఐదేళ్ళ మోటారు చెవితో చెబుతున్నాను, ఈ మాట నా పేరు పెట్టి మీ లీడరు గారికి చెప్పు. తీగ చుట్టే వైండర్ మాటకు అక్కడ విలువ లేదంటాడా, ఆయన ఆపడానికి భయపడుతున్న జనరేటర్ లోపల ఉన్నదంతా ఎవరో ఒక వైండర్ చుట్టిందే.

జాగ్రత్తగా తిను. పరిశుద్ధ గ్రంథం చదువుకుంటున్నావా?

ఒక చిన్న మాట. రింగు చేయడానికి మాకు ఇచ్చిన డ్రాయింగు నీ దగ్గర ఉందా? ఉంటే, పైభాగంలో, తీగ చుట్ల మీద వేసిన గొట్టం గీత ఎక్కడైనా తెగి ఉందేమో చూడు. తొందరేం లేదు. ఊరికే అడిగాను.

ఏసుమణి

---

మా స్టేషన్
మే 11

అత్తా, నువ్వు ఊరికే ఏదీ అడగవు.

డ్రాయింగులో పైన వేలెడంత సందు ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో, ఇక్కడ గొట్టం కలపకూడదని రాసి ఉంది. నేను అది ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడే వెళ్ళి రింగు చూసి వచ్చాను. సందు లేదు. పెయింటు కింద అంతా ఒకటే, నున్నగా ఉంది.

ఏం జరిగింది?

లోయిస్

---

బిర్సానగర్
మే 13

లోయిస్,

నేనే మూశాను.

రింగు చుట్టడం అయిపోయింది. తీగ చుట్లన్నీ అల్యూమినియం గొట్టం లోపల పడుకున్నాయి. పైన వేలెడు సందు మిగిలింది. డ్రాయింగులో ఏదో రాసి ఉంది, ఇంగ్లీషు. మా షాపులో కాస్త ఇంగ్లీషు వచ్చిన గౌరీశంకర్‌ను అడిగితే, "సందు వదలమంటన్నారు, అమ్మా" అన్నాడు. మా పనిలో సందు అంటే తప్పు. సందు ఉంటే తేమ లోపలికి దూరుతుంది, తేమ దూరితే కాయిల్ పోతుంది. వానాకాలంలో తిరిగి వచ్చే మోటార్లన్నీ ఎవడో బద్ధకంగా వదిలేసిన సందు వల్లే వస్తాయి. నీదేమో మంచులోకి పోతోంది. గీసినవాడు ఏసీ గదిలో కూర్చుని గీశాడు, వాడికి మంచు గురించి ఏం తెలుసు అనుకున్నాను. పట్టీ వేయించి, రివెట్లు కొట్టించి, రాకించి, పెయింటు వేయించాను. నీకు చెప్పలేదు. చెబితే వద్దంటావని కాదు, చెప్పేంత విషయం అనిపించలేదు.

ఇప్పుడు విను. తీగ చుట్ల మీద గొట్టం పూర్తిగా మూసుకుపోతే, ఆ గొట్టమే ఒక చుట్టు అయిపోతుంది. రెండు కొసలూ కలిసిపోయిన చుట్టు. మోటారులో అలాంటి చుట్టు ఒక్కటి పడితే మోటారు సగం చచ్చినట్టే, వచ్చినదంతా అదే మింగేస్తుంది. షాపులో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు నేను నేర్పే పాఠం ఇది. కాపాడమని వేసిన గొట్టమే ఆకాశాన్ని తినేసింది. కంచే చేను మేసిందంటే ఇదే. జనరేటర్ గుర్రు కేబుల్ దారిన వస్తుంది, అందుకే అది మాత్రం నిక్షేపంలా వినబడుతోంది. ఆకాశం మాట రింగు దారినే రావాలి, ఆ దారి నేను మూసేశాను.

ఆదివారం నీ రికార్డింగు వింటుంటేనే నాకు తట్టింది. ఆ సన్నపు ఈల అంత సన్నగా ఎందుకుందని ఆలోచిస్తే నేను మూయించిన సందు గుర్తొచ్చింది. అయినా ఆ ఉత్తరంలో జనరేటర్ గురించి పెద్దపెద్ద మాటలు రాసి, నా తప్పును చివర 'ఊరికే' కింద దాచాను. నా చేతి పనిని అనుమానించడానికి చెయ్యి రాలేదని రాశావే, ఆ వాక్యం మీద నాకు రెండు రోజులు నిద్ర లేదు. సిగ్గుగా ఉంది.

సిగ్గు తర్వాత పడతాను, నీకు పద్దెనిమిది రోజులే ఉన్నాయి. హాక్సా రంపం తీసుకో. పెయింటు గీకితే పట్టీ అంచు కనబడుతుంది. పట్టీని మధ్యలో కొయ్యి. లోతు రెండు మిల్లీమీటర్లు, అంతకు మించి దిగావంటే తీగ తెగుతుంది. తర్వాత రివెట్ల తలలు ఆకురాయితో రాకి, రెండు ముక్కలూ లాగెయ్యి. సందు మీద రబ్బరు టేపు నాలుగు చుట్లు చుట్టు, లోహం ఏదీ తగలనివ్వకు.

తప్పు మా అత్తదని అందరికీ చెప్పు. కాని ఆకాశంలో ఏమీ లేదని మాత్రం ఎవరినీ రాయనివ్వకు.

ఏసుమణి

---

మా స్టేషన్
జూన్ 2

అత్తా,

ముందు నిన్ను తిట్టాలి. వారం రోజులు తిట్టాను, తెలుగులో, హిందీలో, గట్టిగా, చెక్కగదిలో ఒక్కదాన్నే కూర్చుని. తర్వాత డ్రాయింగు మళ్ళీ తీశాను. ఆ చిన్న అక్షరాలు చదవాల్సింది ఇంజినీరింగు డిప్లొమా ఉన్న నేను. నేనూ చదవలేదు, మా అత్త కదా అని. అక్కడితో తిట్టడం మానేశాను.

సౌరభ్ గారిని అనుమతి అడిగాను. ప్రభుత్వ పరికరం, హెడ్డాఫీసు నుంచి కాగితం రాకుండా కోయకూడదు అన్నారు. కాగితం ఎప్పుడొస్తుందని అడిగాను. జూన్ రెండో వారంలో అన్నారు. గదికి తాళం ఒకటినే కదా అన్నాను. ఆయన టీ కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయారు.

మే 29 పొద్దున ఎనిమిదిన్నరకు కోశాను.

సూర్యుడు వారం క్రితమే వెళ్ళిపోయాడు, టార్చి వెలుగులోనే. మైనస్ ముప్పై ఒకటి. ఒంటరిగా బయటికి పోకూడదు కాబట్టి డాక్టరమ్మ తోడు వచ్చి తాడు పట్టుకుంది. చలికి మొదటి బ్లేడు పుటుక్కున విరిగింది. రెండో బ్లేడుతో నువ్వు చెప్పినట్టే రెండు మిల్లీమీటర్లు దిగాను. లావు గ్లవుజులతో రివెట్లు దొరకలేదు, పల్చటివి వేసుకున్నాను. రెండు వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి, డాక్టరమ్మ కసిరింది, ఇప్పుడు బాగానే ఉన్నాయి. టేపు చుట్టి లోపలికి వచ్చి ఇయర్‌ఫోను పెట్టుకున్నాను.

అత్తా, అవి కూస్తున్నాయి. కింది నుంచి పైకి, ఒకటి పూర్తి కాకుండానే ఇంకొకటి, మధ్యలో ఎక్కడో బుస్సుమని ఒక పెద్ద శ్వాస. గుర్రు అలాగే ఉంది, కాని దాన్ని ఎవరు పట్టించుకుంటారు. నేను ఏడ్చాను. మూడు నెలలుగా అవి నా నెత్తి మీదే ఉన్నాయి.

వాకీటాకీలో సౌరభ్ గారిని పిలిచాను. ఆయన నడిచి వచ్చి, ఇయర్‌ఫోను పెట్టుకుని విన్నారు. తర్వాత "కాటా కిస్నే?" అని, కోసిందెవరని అడిగారు. "మైనే" అన్నాను. ఇదీ జనరేటర్ తాలూకు ఏదైనా కావచ్చు కదా అన్నారు. అలవాటు కొద్దీ అన్నారని ఆయన గొంతులోనే తెలుస్తోంది. "అయితే ఆపి చూడండి, సర్. స్టార్టు కాకపోతే నా పేరు రాసుకోండి" అన్నాను.

ఆపారు. మే 31 పొద్దున, మెకానిక్కును రెండో జనరేటర్ వేడి చేసి సిద్ధంగా పెట్టుకోమని, ఇరవై ముగ్గురినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి, మొదటిదాన్ని ఆపారు. లైట్లు పోయాయి. గాలి పంకాలు ఆగాయి. యాంప్లిఫయర్‌ను ముందే బ్యాటరీకి మార్చి, చెక్కగది నుంచి వచ్చే కేబులుకు బ్యాటరీ మీద నడిచే స్పీకరు తగిలించాను. గుర్రు పోయి, కూతలు మాత్రమే మిగిలాయి. వంటమనిషి పరాఠా పిండి చేతులతో అలాగే నిలబడిపోయాడు. పది నిమిషాలయ్యాక మెకానిక్ లేవబోతే చీకట్లో సౌరభ్ గారి గొంతు వినబడింది, "రుకో. ఔర్ దో మినిట్." ఇంకో రెండు నిమిషాలు ఆగమని.

గదికి తాళం పడలేదు. నవంబరు దాకా అది నాది.

కాని మెమో వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఆయనే చేతికిచ్చారు, కళ్ళలోకి చూడకుండా. అనుమతి లేకుండా ప్రభుత్వ పరికరాన్ని కోసినందుకు సంజాయిషీ ఇవ్వాలి, ఎవరి అనుమతితో కోశావో రాయాలి, వారంలోగా విచారం వ్యక్తం చేయాలి. విచారం రాస్తే ఫైలు మూసేస్తారట. రాయకపోతే వచ్చే బృందాల్లో నా పేరు ఉండదు. ఒక్క లైను రాసి పడెయ్యి, పోయేదేముంది అంటోంది డాక్టరమ్మ. నువ్వు చెప్పు.

రికార్డింగు పంపుతున్నాను. ఈసారి ఫ్యాను కట్టేయాల్సిన పని లేదు.

లోయిస్

---

బిర్సానగర్
జూన్ 9

లోయిస్‌కు దీవెనలు.

షాపులో మోటారు పరీక్షించే బల్ల మీద పెద్ద స్పీకరు పెట్టి వినిపించాను. ఎనిమిది మంది పని ఆపేశారు. గౌరీశంకర్ దండం పెట్టుకున్నాడు, ఎవరికో వాడికే తెలియాలి. హరిప్రసాద్ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "అయింది కదా, పిట్టలు కూసినాయి. ఆ సందు మూసింది మనమేనని ఎవులికీ సెప్పకమ్మా, షాపు పేరు పోద్ది" అన్నాడు. ఆలస్యమైపోయిందని చెప్పాను. మీ ఆఫీసుకు అంతకు ముందు రోజే స్పీడ్‌పోస్టు చేశాను. డ్రాయింగులో ఉన్నదాన్ని కాదని మూసింది ఏసుమణి, వైండర్, అని రాసి, నాకు విచారంగా ఉందని కూడా రాశాను. హరిప్రసాద్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈరోజు ఒక మిల్లు మోటారు అర్జెంటుగా వచ్చింది, మాట్లాడక ఏం చేస్తాడు.

ఇక నీ మెమో. నాకు విచారం ఉంది, నాది నేను రాశాను. నీకు లేదు. లేనిదాన్ని ఎలా రాస్తావు? ఒక్క లైనేగా అంటోంది మీ డాక్టరమ్మ. ఏమీ లేదని రిపోర్టు రాయమన్నప్పుడు కూడా ఒక్క లైనే కదా. దానికి సంతకం పెట్టనన్నదానివి, దీనికి మాత్రం ఎందుకు పెడతావు? వచ్చే ఏడు పేరు లేకపోతే లేకపోనీ. ఇంటికి రా, షాపులో బల్ల ఖాళీగానే ఉంది, నువ్వు చుట్టడం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మీ నాన్న ఈ మాట విని, "అక్కా, పిల్లని పాడు సేత్తన్నావు" అన్నాడు. అవునన్నాను.

సంజాయిషీలో జరిగినది జరిగినట్టు రాయి. బ్లేడు విరిగిన సంగతి కూడా రాయి, వాళ్ళ స్టోరు సరుకు ఎలాంటిదో వాళ్ళకు తెలియాలి. ఎవరి అనుమతితో కోశావని అడిగిన చోట నా పేరు రాసి, కింద బిర్సానగర్ అడ్రసు పిన్‌కోడ్‌తో సహా పూర్తిగా రాయి. ఎవరైనా వచ్చి అడగాలనుకుంటే ఆరు దాటాక ఇంట్లోనే ఉంటాను, ఆదివారం పొద్దున మాత్రం చర్చికి పోతాను.

ఏసుమణి